గొంతుతో కొలిచిన చదువు

మా వీధి మలుపులో గోడలకు పోస్టర్లు అంటించే మనుషులు ఇవాళ తెల్లవారుతూనే బకెట్టు దించారు. రాత్రి కాచిపెట్టిన మైదా జిగురు కొంచెం పులిసి, మైలుతుత్తం కలిపినందుకు నీలిరంగు తిరిగి ఉంది. ఆ వాసన గుమ్మం దాటి నేరుగా నేను ఇడ్లీపిండి కవర్లకు ముడులు వేస్తున్న చోటికి వచ్చింది. వేస్తున్న ముడి చేతిలోనే ఉండిపోయింది. ముప్పై దాటిన దాన్ని, మొగుడు పోయి రెండేళ్ళయిన దాన్ని, పొద్దెక్కేలోగా ఇంటింటికీ పిండి చేర్చవలసిన దాన్ని, ఆ వాసన ఒక్క గుంజు గుంజి మా అమ్మ ముందు పీట మీద కూర్చోబెట్టింది.

జూన్ నెలలో బడి తెరిచే ముందు మా అమ్మ అచ్చం ఇలాంటి జిగురే కాచేది. చిన్న సత్తుగిన్నెలో గుప్పెడు మైదా, నీళ్ళు, బొద్దింకలు కొరక్కుండా చిటికెడు మైలుతుత్తం వేసి, అడుగంటకుండా పుల్లతో తిప్పుతూ, నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు, విషమని. ఎదురింటి విజయక్క చదివి పక్కన పెట్టిన పుస్తకాలు నాకు వచ్చేవి. వాటి నలిగిన అంచులు తడిచేత్తో సాపు చేసి, ఖాకీ కాగితం మడతలు పెట్టి, మూలలు వేలి గోటితో గీసి అంటించి, ఒక్కొక్క పుస్తకాన్నీ సన్నికల్లు కింద రాత్రంతా అదిమి పెట్టేది. తెల్లారి తీస్తే పుస్తకం పలకలాగా బిగిసి ఉండేది. అట్ట వేసేశాక ఏది లెక్కల పుస్తకమో ఏది అరవ పుస్తకమో అమ్మకు తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు. ఆ 'నాకూ' అన్న మాట చెప్పడానికే ఇవాళ నోరు తెరిచాను. నాకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, అరవం కూడబలుక్కుంటూ చదువుతాను. నేను చెబుతుంటే పక్కింట్లో అద్దెకుండే నెల్లూరమ్మాయి రాస్తోంది.

అప్పుడు మేము ఈ అరవదేశపు సముద్రపు ఊళ్ళోనే, నటేశన్ నగర్ వెనకనున్న సందులో ఉండేవాళ్ళం. పెంకుటిళ్ళు, ఇంటింటికీ ముందు నడుమెత్తు అరుగు, సందు మొదట్లో సిమెంటు తొట్టి, చివర వీధి కొళాయి. సగం ఇళ్ళలో మాలాంటి తెలుగువాళ్ళే. ఎప్పుడో తాతలనాడు వచ్చినవాళ్ళు, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే అరవం, రెండూ ఒకే నోట్లో నానిన మాటలు. మా నాయన నీళ్ళ శాఖలో వాల్వు తిప్పే పని చేసేవాడు. తెల్లవారకముందే సైకిలుకు పొడుగాటి ఇనుప తాళంచెవి కట్టుకుని వెళ్ళి ఒక్కో వీధికి నీళ్ళు వదిలేవాడు. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పాలో అంతా నోటి లెక్క, ఒక్కటీ రాసుకోలేదు, రాసుకోవడం రాదు కూడా. ఆయన దగ్గర ఇంకో సన్నటి కడ్డీ ఉండేది. దాని ఒక కొస నేలలో గొట్టం మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళు యాడిదాకా వచ్చాయో, యాడ కారిపోతున్నాయో చెప్పేసేవాడు. పెద్ద చదువు చదివిన ఇంజనీర్లు కూడా ఆయన కళ్ళు తెరిచేదాకా కాచుకుని నిలబడేవాళ్ళని అమ్మ గొప్పగా చెప్పేది. ఆయుధపూజనాడు ఆ తాళానికీ కడ్డీకీ విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టి, బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం కలిపి ముందు వాటికి పెట్టాకే మాకు పెట్టేవాడు.

అమ్మా అంతే. నూనె కాగిందా అని చూసేది కాదు, వినేది. అన్నం ఉడికిందో లేదో మూత మీద తట్టి చెప్పేది. కూరగాయల బండి ఏ సందులో ఉందో కూర్చున్న చోటినుంచే చెప్పేది. చుట్టాల పెళ్ళిళ్ళు, పుట్టిన నక్షత్రాలు, ఎవరికి ఎవరు ఏ వరస, అన్నీ ఆమె నోటి మీద ఉండేవి. అలాంటి ఇంట్లో పుట్టాను నేను. వినడం తప్ప ఇంకొక విద్య మా ఇంట్లో ఎవరికీ లేదు, ఉంటుందని కూడా ఎవరికీ తోచలేదు.

దీపాలు పెట్టే వేళకు మా సందంతా పిల్లల గొంతులతో మోగేది. అరుగు మీద ఒకరు, గడప దగ్గర ఒకరు, అటు తొక్కుడుబిళ్ళ గీతలు చెరగకముందే ఇటు పుస్తకాలు తెరుచుకునేవి. తల్లులు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మల్లెమొగ్గలు కడుతూ, ఒక చెవి వంటింట్లో, ఒక చెవి అరుగు మీద పెట్టుకుని ఉండేవాళ్ళు. పిల్ల చదువుతోందా లేదా అన్నది గొంతుతోనే తెలియాలి. గొంతు ఆగిందంటే చదువు ఆగినట్టే. మా అమ్మ దానికి కొలత కూడా పెట్టింది. నేను అరుగు మీద చదివితే సందు చివర కొళాయి దాకా వినబడాలి. అక్కడ బిందె పట్టుకుని నిలబడిన ఎవరో ఒకరు, "వినబడతా ఉండాది వదినా" అని కేకేస్తే ఆమెకు ఆ రోజుకు కడుపు నిండినట్టుండేది.

వానకాలం వస్తే ఇంకా కష్టం. మాకు వానలు కార్తీకంలోనే, సముద్రం వైపునుంచి గాలితో కలిసి వచ్చి రోజుల తరబడి పెంకుల మీద కొడతాయి. ఆ సద్దును మించి అరవాలి. అరిచి అరిచి గొంతు బొంగురుపోతే అమ్మ మిరియాలు, తాటికలకండ నూరి వేడినీళ్ళలో కలిపి తాగించి, మళ్ళీ కూర్చోబెట్టేది. "సత్తంగా, గట్టిగా చదువు మే, మనసుకు అంటుకుంటాది" అనేది. అరవవాళ్ళ మాసి నెలలో, మన మాఘమాసంలో, వైతికుప్పం సముద్రపు ఒడ్డుకు ఊరూరి దేవుళ్ళను తీర్థానికి మోసుకొస్తారు. ఆ జనంలో, ఇసకలో, కొబ్బరి మామిడి వేసిన గుగ్గిళ్ళ పొట్లం చేతిలో పెట్టుకుని, నేను తప్పిపోయి "అమ్మా" అని అరిస్తే, అమ్మ అంత గోలలోనూ నా గొంతు పట్టి వచ్చేసింది. చదువు వల్లే గొంతు అంత గట్టిపడిందని ఇంటికొచ్చి నాయనతో చెప్పుకుని మురిసింది. సరస్వతి పూజనాడు మాత్రం పుస్తకాలు పసుపు గుడ్డలో చుట్టి దేవుడి ముందు పెట్టేవాళ్ళు, ఆ రోజు ఎవరూ చదవకూడదు. ఏడాదిలో ఆ ఒక్కరోజే నా గొంతుకు సెలవు.

ఇప్పుడు అసలు సంగతి. నేను చదవలేదు. ఒక్కరోజూ చదవలేదు.

ఎదురింటి విజయక్క నాకంటే ఒక తరగతి పైన. ఆమె నిజంగా చదివేది. ఆమె అరుగు, మా అరుగు ఎదురెదురు. నేను నా పాఠం అరుస్తూనే ఆమె పాఠం చెవిలో వేసుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆమె పుస్తకం నా చేతికి వచ్చేది, అప్పటికే అందులో ఉన్నదంతా నా నోట్లో ఉండేది. ఆవు బొమ్మ వస్తే ఆ పాఠం, పడవ బొమ్మ వస్తే ఈ పాఠం, యాడ పేజీ తిప్పాలో అది కూడా ఆమె తిప్పినప్పుడు విన్నదే. బడిలోనూ టీచరు ఒక వరస చెబితే నలభైమందిమి కలిసి అరిచేవాళ్ళం, అందరికంటే ముందు నా గొంతే. రాయడమంటే బోర్డు మీదున్నది ముగ్గు దించినట్టు దించడమే, ముగ్గులు నాకు బాగా వచ్చు. తప్పిన పిల్లల్ని కూడా పై తరగతికి తోసేసేవాళ్ళు. నన్ను ఎవరూ తోయనక్కరలేదు, నేను క్లాసులో మొదటిదాన్ని. ఒప్పజెప్పే పోటీలో వరసగా మూడేళ్ళు ఎవర్‌సిల్వర్ గిన్నెలు తెచ్చాను. అమ్మ వాటిలో వండలేదు. బోర్లించి అలమార పైన పెట్టింది.

మోసం చేస్తున్నానని నాకు తెలుసా అంటే, తెలియదు. చదవడమంటే అదేననుకున్నాను. రెండో తరగతిలో ఒకసారి మాత్రం ఒక మాట మీద వేలు పెట్టి, ఈ గీత ఏం చెబుతోంది, ఈ చుక్క ఏం చెబుతోంది అని అక్షరం అక్షరం కలుపుకోవడం మొదలుపెట్టాను. ఏదో దొరికేటట్టే ఉంది. గొంతు ఆగింది. లోపలినుంచి అమ్మ, "ఏంది, నిద్రపోతా ఉండావా?" అంది. మళ్ళీ మొదలుపెట్టి ఆ మాట దగ్గర తడబడ్డాను. "నిన్న గడగడా వచ్చిన పాడం ఇయ్యాల రాదా? ఆ విజయను చూడు" అని గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వేలు తీసేశాను. గడగడా చెప్పేశాను. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఐదో తరగతికి వచ్చాను. సునామీ వచ్చిపోయిన తర్వాతి జూన్ అది, సముద్రం వైపు ఇళ్ళవాళ్ళు ఇంకా చుట్టాల ఇళ్ళలోనే సర్దుకుంటున్నారు. ఆ ఏడు మా తరగతి పుస్తకాలు మారిపోయాయి, విజయక్క పాతవి పనికిరావన్నారు. అమ్మ కొత్త పుస్తకాలకు ఎప్పటిలాగే జిగురు కాచింది. నేను తెరిచి చూశాను. బొమ్మలు వేరు. ఈ పుస్తకాన్ని మా సందులో ఇంతవరకు ఎవరూ చదివి వినిపించలేదు. పుస్తకం మూసేశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అదే సమయానికి కొత్త మిస్ వచ్చింది. రోజూ కిరుమాంబాక్కం నుంచి బస్సులో వచ్చేది, సన్నటి మనిషి, గొంతు పెంచేది కాదు. మొదటి వారంలోనే ఒకరోజు, "పుస్తకాలు తెరవండి. నోరు మూసుకుని, మనసులో చదవండి. తర్వాత ఏముందో మీ మాటల్లో చెప్పండి" అంది. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను సద్దు, యాడో కాకి, అంతే. నేను పుస్తకంలోకి చూశాను. నోరు మూసుకోగానే నాలో ఏమీ లేదు. నల్లటి గీతలు వరసగా చీమల్లాగా ఉన్నాయి. చుట్టూ చూస్తే అందరి కళ్ళూ వరస వెంబడి మెల్లగా నడుస్తున్నాయి, నాకంటే వెనకబడ్డ పిల్లల కళ్ళు కూడా. వీళ్ళందరికీ ఏదో కనబడుతోంది, నాకు కనబడటం లేదు.

మిస్ నా దగ్గరికి వచ్చి, "ఏముంది చెప్పు" అంది. అందులో ఏనుగు బొమ్మ ఉంది. విజయక్క పుస్తకంలో కూడా ఒక ఏనుగు ఉండేది. నేను లేచి నిలబడి, ఆ ఏనుగు పాఠం మొదటినుంచి, కొళాయి దాకా వినబడే గొంతుతో ఎత్తుకున్నాను. రెండు వాక్యాలు పోగానే వెనకనుంచి నవ్వులు వచ్చాయి. మిస్ నవ్వలేదు. వంగి, తన అరచెయ్యి తీసి ఆ బొమ్మ మీద పెట్టింది.

"ఇప్పుడు చదువు" అంది.

నా గొంతు అలాగే తెగిపోయింది. పదేళ్ళ పిల్లను, నాకు చదవడం రాదని అప్పుడు తెలిసింది నాకు. ఆ చేతికి వెండి ఉంగరం, గోళ్ళ సందున సుద్దపొడి ఉన్నాయి. ఇవాళ్టికీ ఆ చెయ్యి గుర్తుంది, ఆ పేజీలో ఏమి రాసి ఉందో మాత్రం తెలియదు.

అమ్మను పిలుచుకురమ్మంది. బడినుంచి పిలుపంటే అమ్మకు ఇంకో గిన్నె అని లెక్క. పెట్టెలోనుంచి ఆకుపచ్చ చీర తీసింది, తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది, మిస్‌కు ఇవ్వాలని ముందురోజే మురుకులు వండింది. దారిలో కనబడిన వాళ్ళందరికీ, "బడికి పోతా ఉండా, పాపను గురించి మిస్ ఏదో చెప్పాలంట" అని చెబుతూ నడిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

మిస్ కుర్చీ చూపించినా అమ్మ కూర్చోలేదు. మిస్ మెల్లగా అంతా చెప్పింది. అమ్మ వింటూ వింటూ నవ్వింది.

"రోజూ చదవతాది టీచరమ్మా. సందంతా సాచ్చికం. మా యింటి పక్కన అడగండి, కొళాయి కాడ అడగండి."

"పుస్తకంలో ఉన్నదే చదువుతోందా అని ఎప్పుడైనా చూశారా?"

"నాకు అచ్చరం రాదు. చెవులుండాయి గదా."

మిస్ సుద్దముక్కతో బోర్డు మీద రెండు మాటలు రాసింది. మొదటిది నా పేరు, అది రోజూ రాసేది గనక గుర్తుపట్టి, "పద్మ" అన్నాను. అమ్మ, చూశారా అన్నట్టు మిస్ వైపు తిరిగింది. రెండోదాని దగ్గర ఆగిపోయాను. "చదువు మే, బయపడబాకు" అంది అమ్మ. చివరికి అమ్మే అడిగింది, "ఏముండాది టీచరమ్మా అందులో?" అని.

"మీ పేరమ్మా" అంది మిస్.

అమ్మ ముఖం చూశాను, చూడకుండా ఉండవలసింది. పువ్వులు, చీర, చేతిలో మురుకుల డబ్బా, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మనిషి మాత్రం అక్కడ లేనట్టు నిలబడింది.

మిస్ మంచి మనిషి. ఒక దారి చెప్పింది. ఈ ఏడు అయ్యాక పెద్దబడికి పోవాలి, అక్కడ చేర్చుకునే ముందు చదివించి చూస్తారు, అప్పటికి నేర్పేద్దాం అంది. పొద్దున్నే ఒక గంట తను కూర్చోబెట్టుకుంటుంది. ఇంట్లో సాయంత్రం నేను గొంతెత్తకుండా, ఒక్కో అక్షరం వేలు పెట్టి కలుపుకోవాలి. "పిల్ల ఆగుతుంది, తడబడుతుంది. ఆగినప్పుడు ఏమీ అనకండి. ఆ ఆగడమే చదువు" అని అమ్మకు రెండుసార్లు చెప్పింది. అమ్మ తలూపింది. మురుకుల డబ్బా ఇవ్వడం మర్చిపోయి ఇంటికి తెచ్చేసింది.

నాయన పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన గోడకానుకుని కూర్చున్నాడు.

"గొట్టంలో గాలి చేరితేనే కొళాయి అరుస్తాది" అన్నాడు అమ్మతో. "నీళ్ళు నిండినాక సద్దు ఉండదు. ఇన్నేండ్లూ మనం విన్నిందంతా గాలి మే."

అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఊరంతటి నీళ్ళ సద్దు కనిపెట్టగలిగిన మనిషికి సొంత ఇంటి అరుగు మీద సద్దు అందలేదే అని నాయన తనను తాను ఏమనుకున్నాడో తెలియదు. మర్నాడు నేను లేచేసరికి వాల్వు తిప్పి వచ్చేసి, నా పక్కన కూర్చుని, "నిదానంగా కానీ బిడ్డా" అన్నాడు.

పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ మా ఇల్లు వేరే ఇల్లయిపోయింది. పొద్దున మిస్ దగ్గర, సాయంత్రం అరుగు మీద, నేను వేలు పెట్టి, పెదవులు కదిపి, ఒక అక్షరానికి ఇంకో అక్షరం ముడి వేస్తున్నాను. అక్షరాలు నిజంగానే వస్తున్నాయి. ఎనిమిదో రోజు గోడమీద సోడా కంపెనీ పేరు చదివి నాకు నేనే ఉలిక్కిపడ్డాను, గోడ నాతో మాట్లాడినట్టు. కానీ అమ్మ నరకయాతన పడింది. నా ఎదురుగా చేట పెట్టుకుని కూర్చునేది. పిల్ల చదువుతోందో, కలలు కంటోందో, ఎలా తెలియాలి ఆమెకు? చెవులు రిక్కించి వినేది, అక్కడ వినడానికి ఏమీ లేదు. నేను ఆగినప్పుడల్లా ఆమె నోరు తెరుచుకునేది, మళ్ళీ తనే పళ్ళు బిగించి మూసుకునేది.

సందులో అడగడం మొదలుపెట్టారు. పన్నెండో రోజు సాయంత్రం విజయక్క వాళ్ళమ్మ సరోజత్త, ఎదురరుగు మీద కూర్చుని, అందరికీ వినబడేట్టు అంది. "ఏంది వదినా, నీ కూతురి గొంతు పడిపొయ్యిందా? అది అరిస్తేనే గదా నేను దీపం పెట్టేది. ఇప్పుడు నాకు పొద్దు పోయేది తెలవడంలా."

కొళాయి దగ్గర నవ్వులు.

"ఒళ్ళు బాగాలేదులే" అంది అమ్మ.

"పన్నెండు దినాలా? చదువు మానిపిచ్చేసినారేమో అనుకుంటా ఉండారు. చెప్తే తప్పేముంది వదినా, మనలో మనకు."

అమ్మ లోపలికి వచ్చింది. నా ముందు చతికిలబడింది. గొంతు బాగా తగ్గించి, "ఒక్కతూరి చదువు మే. ఈ ఒక్క దినం. గట్టిగా" అంది. "ఏది?" అన్నాను. "నీకు వచ్చిందేదో ఒకటి" అంది.

నేను పుస్తకం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. ఏ పేజీ తెరిచానో చూడలేదు. విజయక్క పాత ఏనుగు పాఠం ఎత్తుకున్నాను. పదకొండు రోజులు ఊరుకున్న గొంతు, కొళాయి దాటి పెద్దరోడ్డు దాకా వెళ్ళింది. సరోజత్త లేచి దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడిన అమ్మ ముఖంలో ఎన్నాళ్ళకో నవ్వు చూశాను. అమ్మ మళ్ళీ నమ్మేసింది పాపం, అనుకున్నాను. ఆ నవ్వు పోగొట్టడానికి నాకు మనసు రాలేదు. మర్నాడు కూడా గట్టిగానే చదివాను. ఆ తర్వాత వేలు పెట్టుకుని కూర్చోవడం తగ్గిపోయింది, పొద్దున మిస్ గంటకు కడుపునొప్పి అని ఎగ్గొట్టడం ఎక్కువైంది. నాయన రెండుసార్లు "నిదానంగా" అన్నాడు, మూడోసారి అనలేదు. పెద్దబడిలో చదివించి చూశారు. నాలుగు మాటలు కూడబలికాను. చేర్చుకున్నారు గానీ వెనక బెంచీలో వేశారు. ఎనిమిదో తరగతి దాకా గాలి నెట్టుకొచ్చింది, తొమ్మిదిలో ఆగిపోయాను. విజయక్క ఇప్పుడు బ్యాంకులో ఉంది.

ఇరవై ఏళ్ళయింది. నాయన పోయాడు. ఇప్పుడు నీళ్ళు మోటారుతో, మీట నొక్కితే వస్తాయి, గొట్టానికి చెవి ఆనించే మనిషి యాడా లేడు. ఆ సందులో పెంకుటిళ్ళు పోయి మేడలొచ్చాయి, అరుగులుండే చోట బండ్లు నిలబెడుతున్నారు. అన్నిటికంటే ఆ గొంతులు పోయాయి. దీపాలవేళ ఆ సందులో నడిచి చూశాను. ఒక్క ఇంట్లోనుంచి పిల్ల చదివే సద్దు రాలేదు. ట్యూషన్లకు పోయారో, ఫోన్లు చూస్తున్నారో, మనసులో చదువుకుంటున్నారో, తలుపులన్నీ మూసి ఉన్నాయి.

మా ఆయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న మధ్యాహ్నం ఇద్దరం మినప్పప్పు ఏరుతుంటే, ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నది అడిగేశాను. "ఆ పొద్దు సరోజత్త అన్నప్పుడు, నేను మళ్ళీ గట్టిగా చదివితే నమ్మినావా అమ్మా?" అన్నాను. నిన్ను మోసం చేశానని ఒప్పుకుని క్షమించమని అడగాలని నా ఉద్దేశం.

"యాడ నమ్మేది" అంది అమ్మ, చేటలోనుంచి కళ్ళెత్తకుండా. "మిస్ చెప్పేదానికి ముందే తెలుసు నాకు. నువ్వు మూడో తరగతప్పుడే తెలుసు."

"ఎట్టా?" అన్నాను.

"ఒకనాడు దీపాలేళ కరెంటు పొయ్యింది. ముసురు పట్టి ఉండె, ఇల్లంతా చీకటి, నా చెయ్యే నాకు కనబళ్ళా. అగ్గిపెట్టి తడుముకుంటా ఉండా. నీ గొంతు మాత్రం ఆగలా మే. గడగడా పోతానే ఉండె. నడమ పేజీ తిప్పిన సద్దు గూడా వినబడింది."

చేటలో పప్పు మసకబారిపోయింది నాకు. ఆ చీకటి నాకు గుర్తు కూడా లేదు.

"మరి ఎందుకు చెప్పలా?"

"పళ్ళొచ్చినట్టు అదే వస్తాదిలే అనుకుంటి. ఎవురన్నా పైకి చెప్పేదాకా అది అబద్దం గాదు అనుకుంటి." రెండు రాళ్ళు ఏరి పడేసింది. "చెప్తే నువ్వు ఆపేస్తావు గదా. ఆ గొంతు తప్ప మన ఇంట్లో ఇంకేముండె?"

నేను లేచి కవర్లు సర్దే నెపంతో పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా అమ్మను మోసగించిన పాపం మోస్తున్నాననుకున్నాను. బడిలో ఆకుపచ్చ చీరలో నిలబడినప్పుడు ఆ ముఖంలో నేను చూసింది కొత్తగా తెలిసిన బాధ కాదన్నమాట, దాచినది బయటపడిపోయిన బాధ. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ప్రేమ లేక అలా చేసిందని ఎలా నమ్మను? మిరియాలు నూరి పోసిన చెయ్యి అది.

ఆ సాయంత్రం నా కూతురు, రెండో తరగతి, అరవ పుస్తకం తెచ్చుకుని మా ఇద్దరి మధ్య కూర్చుంది. నాలుగు మాటలు చదివి ఐదోదాని దగ్గర ఆగింది. వేలు ఆ మాట మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి, సద్దు లేదు. అమ్మ నోరు తెరిచింది. నేను ఆమె వైపు చూశాను. మూసుకుంది. నాకూ లోపల ఏదో ఎగదన్నుకొచ్చింది, "గట్టిగా" అనడానికి, మా అమ్మ గొంతే నా గొంతులోకి వచ్చి నిలబడింది. మింగేశాను. పిల్ల తలెత్తలేదు. ఆ మాట దగ్గర అది ఎంతసేపు ఆగిందో అంతసేపూ, చదువు రాని ఇద్దరం, ఇటొకరం అటొకరం, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.